అన్నాడా, అన్నాడటా?

సంపాదకుల వారికి నమస్కారం,

పోయిన ఆదివారం మీ ఉత్తరాల పేజీలో ఒక పాఠకుడు రాసింది చదివాను. నలుగురు కూర్చుని టీ తాగుతూ మాట్లాడుకునే చోట కూడా ఈ మధ్య కుర్రాళ్ళు ప్రతి మాటకీ సోర్స్ ఏంటి, ప్రూఫ్ ఏంటి అని అడ్డం పడుతున్నారు, కబుర్లకి కూడా ఆధారాలు చూపించాలంటే ఇంక మాట్లాడుకోవడం ఎందుకు, అందరం కోర్టుకే పోదాం, ఇలాగయితే మాట మీద ఇష్టమే పోతోంది అని ఆయన బాధ. ఆ బాధ నాకు అర్థమైంది, సగం ఒప్పుకుంటాను కూడా. మిగతా సగం ఒప్పుకోలేకే ఈ ఉత్తరం. రాస్తూ రాస్తూ పెద్దదైపోయింది, వీలైతే మొత్తం వేయండి, చోటు లేకపోతే చివర్లో మీ పేపర్‌ని అడిగిన మాట ఒక్కటైనా వేయండి.

నేను చీరాల దగ్గర హైస్కూల్లో సోషల్ చెప్పి రిటైరయ్యాను. రోజూ పొద్దున్నే ఆరున్నరకి బస్టాండ్ ఎదురుగా టీ కొట్టు దగ్గర మా బ్యాచ్ చేరుతుంది, ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి దిగిపోయిన ఆయన ఒకరు, చీరల షాపాయన ఒకరు, బ్యాంకాయన ఒకరు, మగ్గం నేసే ఆయన ఒకరు, అప్పుడప్పుడు ఇద్దరు ముగ్గురు కుర్రాళ్ళు. రాజకీయాలు, సినిమాలు, చరిత్ర, ఆరోగ్యం, మేం మాట్లాడని సబ్జెక్ట్ లేదు. అందుకని ఈ విషయం నాకు పుస్తకంలో విషయం కాదు, రోజూ చూసేది.

ముందు నా తప్పు నేను చెప్పుకోవాలి. బ్రిటిష్ వాళ్ళ చదువుల పాఠం వచ్చినప్పుడల్లా నేను దాదాపు పదిహేనేళ్ళు పిల్లలకి ఒక మాట చెప్పాను. మెకాలే దొర 1835 ఫిబ్రవరి 2న బ్రిటిష్ పార్లమెంట్‌లో లేచి నిలబడి, నేను ఇండియా ఆ చివర నుంచి ఈ చివర దాకా తిరిగాను, ఒక్క బిచ్చగాడు కనపడలేదు, ఒక్క దొంగ కనపడలేదు, వీళ్ళ సంస్కృతి అనే వెన్నెముక విరగ్గొడితే తప్ప ఈ దేశాన్ని మనం గెలవలేం, అందుకే వీళ్ళ పాత చదువు తీసేద్దాం అన్నాడని. ఈ మాట చెప్తుంటే క్లాసంతా సూది పడితే వినపడేంత నిశ్శబ్దం. నాకు కూడా గొంతు బరువెక్కేది. ఇది నాకెక్కడ దొరికిందయ్యా అంటే, ఏదో ట్రైనింగ్‌కి పోయినప్పుడు ఎవరో పంచిన జిరాక్స్ కాగితం మీద ఉంది, నా డైరీలో రాసుకున్నాను, అంతే. ఆ కాగితం రాసినాయనకి ఎక్కడ దొరికిందో నేను అడగలేదు.

నాలుగైదేళ్ళ కిందట సంక్రాంతికి ఒక పాత స్టూడెంట్ ఇంటికొచ్చాడు, బెంగళూరులో ఉద్యోగం. కాళ్ళకి దండం పెట్టి కూర్చుని, "మాస్టారూ, మీరు చెప్పిన మెకాలే మాట మా ఆఫీసులో చెప్పానండీ, అక్కడొకమ్మాయి అదెక్కడుందని అడిగింది, ఎంత వెతికినా నాకు దొరకలేదు, మీ దగ్గర పుస్తకం ఏదైనా ఉందాండీ" అన్నాడు. ఎగతాళిగా అడగలేదు వాడు, మాస్టారు చెప్పారంటే ఎక్కడో ఉండే ఉంటుందని నమ్మకంతోనే అడిగాడు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

వాడు పోయాక నేను కూర్చుని వెతికాను. వెతకడానికి పెద్ద తెలివి కూడా అక్కర్లేకపోయింది, తేదీ ఒక్కటి చూస్తే చాలు. 1835 ఫిబ్రవరిలో మెకాలే అసలు ఇంగ్లండ్‌లోనే లేడు. 1834 జూన్‌లో మద్రాసులో ఓడ దిగి, ఊటీలో ఉన్న గవర్నర్ జనరల్ బెంటింక్ దగ్గర కొన్నాళ్ళుండి, అక్కణ్ణుంచి కలకత్తా చేరి గవర్నర్ జనరల్ కౌన్సిల్‌లో మెంబరుగా కూర్చున్నాడు, మళ్ళీ 1838లో గానీ వెనక్కి పోలేదు. ఇక్కణ్ణుంచి లండన్‌కి ఉత్తరం చేరడానికే నెలలు పట్టే రోజులవి. కలకత్తాలో ఉన్న మనిషి అదే రోజు లండన్ పార్లమెంట్‌లో ఎలా మాట్లాడతాడు? ఆ తేదీన ఆయన నిజంగా చేసింది కలకత్తాలో కూర్చుని చదువుల మీద ఒక నోట్ రాయడం, దాన్నే మెకాలే మినిట్ అంటారు, అది ఇంటర్నెట్‌లో ఉంది, ఎవరైనా చదవచ్చు. నేను మొత్తం చదివాను. బిచ్చగాళ్ళు, దొంగలు, వెన్నెముక, ఇవేవీ అందులో లేవు.

మరి ఉన్నదేంటి? నాకు సంస్కృతం గానీ అరబ్బీ గానీ రాదు అని తనే ఒప్పుకుంటాడు. అయినా సరే, ఆ భాషలు తెలిసిన వాళ్ళతో మాట్లాడాను, మంచి యూరోపియన్ లైబ్రరీలో ఒక్క షెల్ఫ్‌లో ఉన్న పుస్తకాలు ఇండియా, అరేబియా సాహిత్యం మొత్తానికీ సమానం అంటే కాదన్నవాడు వాళ్ళల్లో ఒక్కడు కూడా లేడు అంటాడు. రక్తంలో, రంగులో ఇండియన్లుగా ఉండి, ఇష్టాల్లో, ఆలోచనల్లో, నీతిలో, తెలివిలో ఇంగ్లీషు వాళ్ళుగా ఉండే ఒక వర్గాన్ని తయారు చేయాలంటాడు. ప్రిన్సెప్ లాంటి అధికారులు అప్పుడే గట్టిగా అడ్డం చెప్పారు, అయినా అదే ఏడాది మార్చి 7న బెంటింక్ ప్రభుత్వం ఇంగ్లీషు చదువుల వైపే తీర్మానం చేసింది. మనకి కోపం రావడానికి ఇది చాలదా అండీ? నిజంగా అన్న మాటే ఇంత ఘోరంగా ఉంటే, అనని మాట పట్టుకుని పదిహేనేళ్ళు చెప్పాను నేను. ఎవరైనా తెలిసినవాడు నా క్లాసుకొచ్చి ఆ తేదీ ఒక్కటి తప్పని చూపిస్తే, మెకాలే గురించి నేను చెప్పిన నిజాలు కూడా పిల్లలు నమ్మరు కదా.

ఆ నోట్ చదువుతుంటే నాకు ఇంకో సంగతి తట్టింది. ఆ భాషలు తెలిసినవాళ్ళు నాతో ఒప్పుకున్నారు అన్నాడే గానీ, ఎవరు ఒప్పుకున్నారో, వాళ్ళు ఏ పుస్తకాలు చదివి ఒప్పుకున్నారో ఆ వాక్యంలో చెప్పలేదు. వాళ్ళూ వీళ్ళూ అన్న మాట మీద ఒక దేశం పిల్లల చదువు ఇంకో దారి పట్టింది. అంతకు కొన్నేళ్ళ ముందే మన తెలుగు జిల్లాల్లో సి.పి. బ్రౌన్ ఉన్నాడు, ఆయనా ఈస్టిండియా కంపెనీ ఉద్యోగే, ఆయనా దొరే, కానీ భాష నేర్చుకుని, వేమన పద్యాల రాతప్రతులు ఎక్కడెక్కణ్ణుంచో తెప్పించి, పండితుల్ని పెట్టి ఒకదానితో ఒకటి పోల్చి చూపించి 1829లో అచ్చు వేశాడు. వేమన అనే కవి ఉన్నాడని తనకి ఫ్రెంచి మతగురువు డుబోయ్ రాసిన పుస్తకం వల్ల తెలిసిందని కూడా దాచుకోలేదు. ఏ మాట ఎక్కడిదో చూసుకున్న మనిషికీ చూసుకోని మనిషికీ ఎంత తేడానో ఈ ఇద్దర్నీ పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

సరే, ఇవి ప్రభుత్వాల సంగతి, పుస్తకాల సంగతి, టీ కొట్టు దగ్గర మాకెందుకు అని ఆ పాఠకుడు అడగచ్చు. టీ కొట్టు దగ్గర పుస్తకం పేరు, పేజీ నంబరు, అచ్చేసిన సంవత్సరం చెప్పమని నేను అనను, ఎవరూ అనకూడదు. కానీ మన తెలుగులో దీనికి ఎప్పట్నుంచో ఒక చిన్న ఏర్పాటు ఉంది. ఒక్క అక్షరం. "ట".

వాడు వచ్చాడు అంటే నేను చూశానని. వాడు వచ్చాడట అంటే ఎవరో చెప్పారని, నేను చూడలేదని. కొన్ని చోట్ల వచ్చాడంట అంటాం, రెండూ ఒకటే. ఏ వ్యాకరణం చదవని మా అమ్మమ్మ కూడా ఈ తేడా ఎప్పుడూ తప్పలేదు. పక్కింట్లో గొడవైతే గోడ మీంచి తనే చూసిందయితే "కొట్టుకున్నారు" అనేది, పాలమ్మాయి చెప్పిందయితే "కొట్టుకున్నారంట" అనేది. కథ చెప్పేటప్పుడు కూడా రాజు వేటకి వెళ్ళాడట అనేది, అంటే ఇది నేను చూసింది కాదురా, మా అమ్మ చెప్పింది అని ప్రతి వాక్యానికీ ఒప్పుకుంటూ పోయేది. ఆ ఒక్క అక్షరంతో వినేవాడికి తెలిసిపోతుంది, ఈ మాటని ఎంత వరకు పట్టుకోవాలో. అది పెట్టినందుకు ఎవడూ మనల్ని చిన్నచూపు చూడడు, ఆపడు, మాట ఎక్కడా ఆగదు కూడా. టీ కొట్టుకి అంతకన్నా సోర్స్ ఎందుకండీ?

ఇప్పుడు జరుగుతున్నదేంటంటే ఆ "ట" రాలిపోతోంది. ఒకరు "అన్నాడంట" అని చెప్తారు, విన్నవాడు ఇంకోచోట "అన్నాడు" అంటాడు, మూడోవాడు దానికి తేదీ కలుపుతాడు, నాలుగోవాడు ఫొటో పెడతాడు. అబ్దుల్ కలాం గారి ఫొటో, వివేకానందుడి ఫొటో, అంబేద్కర్ గారి ఫొటో, కింద వాళ్ళు ఎప్పుడూ అనని మాట. ఆ మాట మంచిదయితే మంచిదే కదా, వాళ్ళ పేరు ఎందుకు తగిలించడం, అది వాళ్ళకి గౌరవం కాదు, వాళ్ళ నోట్లో మన మాట పెట్టడం.

మా బ్యాచ్‌లో జరిగింది చెప్తాను, ఇది చెప్పడానికి నాకు కష్టంగానే ఉంది. మా కండక్టర్ గారికి పన్నెండేళ్ళ నుంచి షుగర్. ఒకరోజు టీ దగ్గర చీరల షాపాయన, ఏదో ఆకు కషాయం పరగడుపున తాగితే షుగర్ బిళ్ళలు మానేయచ్చు, అమెరికాలో రీసెర్చ్ చేసి తేల్చారు అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు, ఆయనకి కండక్టర్ గారంటే ప్రాణం. బ్యాంకాయన అవునవును నేనూ విన్నా అన్నాడు. నేనక్కడే ఉన్నాను. ఎవరు తేల్చారు, ఎక్కడ రాశారు అని అడుగుదామని నోటి దాకా వచ్చింది, మళ్ళీ పొద్దున్నే ఆయన్ని చిన్నబుచ్చడం ఎందుకులే అని ఊరుకున్నాను. కండక్టర్ గారు ఎవరికీ చెప్పకుండా బిళ్ళలు మానేశారు. రెండు నెలల తర్వాత కాలికి చెప్పు కరిచి చిన్న పుండయింది, అది మానలేదు, నల్లబడింది, గుంటూరు తీసుకెళ్తే కాలి వేళ్ళు రెండు తీసేశారు.

ఆయన ఇంటికొచ్చాక మేం కూర్చుని ఆ మాట ఎక్కడ మొదలైందా అని వెనక్కి పోయాం. చీరల షాపాయనకి వాళ్ళ బావగారు చెప్పారు. బావగారిని ఫోన్ చేసి అడిగితే ఆయనకి ఒక పెళ్ళి భోజనాల దగ్గర పక్కన కూర్చున్న మనిషి చెప్పాడు. ఆ మనిషి పేరు కూడా తెలీదు. "ఏదో ఆకు తాగితే కొంచెం తగ్గుతుందంట, అమెరికాలో కూడా చూస్తున్నారంట" అన్నాడని బావగారికి గుర్తు. చూడండి, మొదట "కొంచెం" ఉంది, "చూస్తున్నారు" ఉంది, రెండు సార్లు "అంట" ఉంది. మా టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి కొంచెం పోయింది, చూస్తున్నారు పోయి తేల్చారు అయింది, అంట రెండూ పోయాయి. ఎవరూ అబద్ధం ఆడలేదు అక్కడ. చీరల షాపాయన ఆ తర్వాత నెల రోజులు టీకి రాలేదు, కండక్టర్ గారే ఆయన ఇంటికి పోయి "రావయ్యా, నువ్వు నా మంచికే చెప్పావు, మానేసింది నేను" అని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చారు. నేనడిగి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ నా మనసులో తిరుగుతూనే ఉంటుంది. ఆ పాఠకుడు మాట మీద ఇష్టం పోతోందన్నారు కదా, నేను ఆ ఇష్టం పోకూడదనే ఆ రోజు నోరు మూసుకున్నాను.

అయితే ఆ పాఠకుడి సగం ఏంటో కూడా చెప్పాలి, అక్కడ ఆయన కరెక్ట్. సోర్స్ అడగడం కూడా ఒక్కోసారి కర్రలాగా వాడుతున్నారు, నేను చూశాను. మా మగ్గమాయన జాండ్రపేట వైపు మనిషి, నలభై ఏళ్ళ నుంచి గుంట మగ్గం మీద కూర్చుంటున్నాడు. ఒకరోజు, నూలు రేటు పెరిగింది గానీ మజూరీ పెరగలేదు, మా వీధిలో మగ్గాలు ఒక్కొక్కటే తీసేస్తున్నారు, మా వాడు కూడా మగ్గం ఎక్కనంటున్నాడు అని చెప్తుంటే ఒక కుర్రాడు "డేటా ఏమన్నా ఉందా బాబాయ్" అన్నాడు. ఆయన ముఖం చిన్నబోయింది, టీ గ్లాసు అక్కడ పెట్టి లేచి వెళ్ళిపోయాడు. ఆ అబ్బాయిని నేను ఆ రోజు గట్టిగానే మందలించాను. ఆయన వీధి గురించి ఆయన కన్నా డేటా ఇంకెవరి దగ్గరుంటుంది నాయనా? కళ్ళతో చూసింది, చేతులతో చేసింది, అదే ఆధారం. మన శాస్త్రాల్లో కూడా ప్రమాణాలు, అంటే ఒక విషయం నిజమని తెలుసుకునే దారులు, లెక్కపెట్టేటప్పుడు మొదట పెట్టింది ప్రత్యక్షాన్నే, తర్వాతే అనుమానం (అంటే గుర్తు చూసి ఊహించడం), ఉపమానం (అంటే పోల్చి తెలుసుకోవడం), శబ్దం. ఎవరో చెప్పిన మాట, అంటే శబ్దం, ఆఖరున. అదీ ఎవరు చెప్పినా కాదు, ఆప్తుడు చెప్తేనే, అంటే విషయం తెలిసి, ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషయితేనే. అదే మా మగ్గమాయన దేశం మొత్తం మీద మగ్గాలు ఇన్ని లక్షలు తగ్గాయి అని ఒక నంబర్ చెప్పుంటే, అప్పుడు ఎక్కడ చూశావు బాబాయ్ అని అడగడంలో తప్పు లేదు, ఆ నంబర్ ఆయన కంటితో చూసింది కాదు కాబట్టి. ఈ తేడా పట్టుకుంటే సగం గొడవలుండవు.

అభిప్రాయానికి కూడా అంతే. నాకు ఫలానా పద్ధతి నచ్చలేదు, ఫలానా ఆయన పరిపాలన బాగాలేదనిపిస్తోంది అంటే దానికి సోర్స్ ఏముంటుంది, నేనే సోర్స్. ఎందుకనిపిస్తోంది అని అడగాలి. న్యాయశాస్త్రంలో, అంటే కోర్టు చట్టాలు కాదు, మన పాత తర్కశాస్త్రంలో, మూడు రకాల మాటలు చెప్పారు, నిజం తేల్చుకోడానికి ఇద్దరూ మాట్లాడుకుంటే వాదం, గెలవడానికే మాట్లాడితే జల్పం, తనదంటూ ఏ మాటా చెప్పకుండా అవతలివాడిది పడగొట్టడమే పనిగా పెట్టుకుంటే వితండ. వితండవాదం అని మనం రోజూ అనే మాట అక్కణ్ణుంచి వచ్చిందే. ప్రతి వాక్యానికీ ప్రూఫ్ అడుగుతూ తను మాత్రం ఒక్క మాట కూడా చెప్పనివాడు చేసేది అదే. అది తప్పు. కానీ దాన్ని చూపించి అసలు అడగడమే తప్పనడం కూడా సరి కాదు.

ఇంకో మాట కూడా వింటుంటాను, ఈ ఆధారాలు గీధారాలు అన్నీ తెల్లవాళ్ళ యూనివర్సిటీల పద్ధతులు, మన దగ్గర పెద్దలు చెప్తే వినేవాళ్ళం అని. ఇది నాకు చాలా బాధ కలిగించే మాట. మెదక్ జిల్లాలో కొల్చారం అనే ఊరుంది, మల్లినాథ సూరి ఆ ఊరి ఆయన. కాళిదాసు కావ్యాలు దేశమంతా ఈ రోజుకీ ఎవరి వ్యాఖ్యానం పెట్టుకుని చదువుతున్నారంటే ఈ తెలుగాయన వ్యాఖ్యానమే. ఆయన పని మొదలుపెడుతూ ఒక మాట ఇచ్చాడు, నామూలం లిఖ్యతే కించిత్, నానపేక్షితముచ్యతే. మూలం లేనిది ఒక్కటీ రాయను, అవసరం లేనిది ఒక్కటీ చెప్పను. ఇది నేను మొదట మా స్కూల్ తెలుగు పండితుడి నోట విన్నాను, తర్వాత కాళిదాసు రఘువంశానికి ఆయన రాసిన వ్యాఖ్యానం తెరిస్తే ముందు శ్లోకాల్లోనే ఉంది. ఆరొందల ఏళ్ళ నాడు మన మెదక్ మనిషి పెట్టుకున్న నియమం అది, మనం దాన్ని ఎవరి దగ్గరా అప్పు తెచ్చుకోలేదు.

మూలం చూస్తే మాట విలువ తగ్గుతుందనే భయం కూడా అక్కర్లేదు. దేశభాషలందు తెలుగు లెస్స అని కృష్ణదేవరాయలు అన్నాడని మనం అందరం అంటాం. నిజమే, ఆముక్తమాల్యదలో ఉంది. కానీ చదివితే ఆ మాట రాయలు తనంతట తను అన్నట్టు లేదు, శ్రీకాకుళం ఆంధ్ర మహావిష్ణువు కల్లోకొచ్చి చెప్పినట్టు రాశాడు, ఈ శ్రీకాకుళం కృష్ణా జిల్లాది, ఉత్తరాంధ్రది కాదు. ఇంకొంచెం వెనక్కి పోతే అవే పదాలు రాయల కంటే ముందే వినుకొండ వల్లభరాయడి పేరున ఉన్న క్రీడాభిరామంలో ఉన్నాయి. అంటే మా పల్నాటి వినుకొండ పేరున్న పద్యంలో ఉన్న మాటని రాయలు తీసుకుని దేవుడి నోట పలికించాడన్న మాట. ఇది తెలిశాక ఆ వాక్యం మీద నాకు ప్రేమ పెరిగింది, ఎంత దూరం నడిచొచ్చిందో అని.

ఆగస్టు 15న ఏటా మా దగ్గర ఒక గొడవ వస్తుంది, జనగణమన ఐదో జార్జి చక్రవర్తి కోసం రాసిన పాట అని. పోయిన ఏడాది బ్యాంకాయన ఇదే ఎత్తుకున్నాడు, నేను కాదన్నాను, ఇద్దరికీ మాట మాట పెరిగింది. అప్పుడు ఒక కుర్రాడే "ఇద్దరూ ఎక్కడ చదివారో చెప్పండి సార్, అప్పుడు చూద్దాం" అన్నాడు. బ్యాంకాయన ఎప్పుడో పేపర్లో చదివానన్నాడు. ఆయన చెప్పింది నిజమే, పేపర్లలోనే ఉంది, అసలు ఆ మాట పుట్టిందే పేపర్లలో. 1911 డిసెంబర్ 27న కలకత్తా కాంగ్రెస్ సభలో ఆ పాట పాడారు, అదే రోజు చక్రవర్తికి స్వాగతం చెప్తూ వేరే హిందీ పాట కూడా పాడారు, మర్నాడు కొన్ని ఇంగ్లీషు పేపర్లు రెండూ కలగలిపి, ఠాగూర్ పాట చక్రవర్తి కోసం అని వేసేశాయి. ఆ తప్పు మీద ఠాగూర్ 1937 నవంబర్‌లో ఒకరికి ఉత్తరం రాస్తూ, యుగయుగాలుగా మనిషి రథం నడిపించే ఆ సారథి ఏ జార్జీ కాలేడని కచ్చితంగా చెప్పాడు. ఆ పాటకి ఇంగ్లీషు అనువాదం ఆయన 1919 ఫిబ్రవరిలో మన మదనపల్లెలోనే, బిసెంట్ కాలేజీలో ఉన్నప్పుడే రాశాడు, అది చదివినా తెలుస్తుంది ఆ భాగ్యవిధాత ఎవరో. ఇవన్నీ చెప్పాక బ్యాంకాయన కొంచెంసేపు ఆలోచించి "అయితే ఆ పేపర్ వాళ్ళే తప్పు రాశారంటావు" అన్నాడు. అవునన్నాను. గొడవ అయిపోయింది. ఎక్కడ చదివావు అని ఒక్కడు మర్యాదగా అడిగినందుకు అయిపోయింది, లేకపోతే ప్రతి ఏడూ లాగే మూతులు ముడుచుకుని ఇళ్ళకి పోయేవాళ్ళం.

మూలం చెప్పడం అనేది నిజమా కాదా తేల్చుకోడానికి మాత్రమే కాదు, అప్పు తీర్చడం కూడా. నేను ఉద్యోగం చేసినన్నాళ్ళూ రోజూ పొద్దున్న ప్రేయర్‌లో పిల్లలు చెయ్యి చాపి భారతదేశం నా మాతృభూమి అని ప్రతిజ్ఞ చెప్పేవాళ్ళు, నేనూ చెప్పేవాణ్ణి. అది ఎవరు రాశారో నాకు చాలా ఏళ్ళు తెలీదు. ప్రతి పుస్తకం మొదటి పేజీల్లో ప్రతిజ్ఞ ఉండేది, రాసినాయన పేరు ఉండేది కాదు. నల్గొండ జిల్లా అన్నెపర్తిలో పుట్టిన పైడిమర్రి వెంకట సుబ్బారావు గారు, 1962లో విశాఖపట్నంలో ట్రెజరీ ఆఫీసర్‌గా పనిచేస్తూ, తెలుగులో రాశారు దాన్ని. అక్కణ్ణుంచి అది దేశంలో ఎన్నో భాషల్లోకి పోయింది. ఆయన 1988లో పోయారు. కోట్ల మంది పిల్లలు రోజూ ఆయన మాటలు గట్టిగా చెప్తుంటే ఆ మాటలు ఎవరివో ఆ పిల్లలకి చెప్పిన టీచర్లు ఎంత మంది? నేను చెప్పలేదు. తెలిశాక మాత్రం రిటైరయ్యే దాకా ప్రతి కొత్త బ్యాచ్‌కీ మొదటి రోజే ఆయన పేరు బోర్డు మీద రాశాను. మాటల్లో కూడా అంతే, పక్కాయన నిన్న చెప్పిన ఐడియా ఇవాళ మన ఐడియాలా చెప్పేస్తాం, "నిన్న అన్నయ్య చెప్పాడు, నాకూ అదే నిజమనిపించింది" అంటే మన సొమ్మేం పోతుంది? ఆ పక్కాయన ముఖంలో ఆ క్షణం కనపడే వెలుగు చూశారా ఎప్పుడైనా?

ఇంక మీ పేపర్ గురించి. 1911లో పేపర్లు చేసిన తప్పు నూరేళ్ళ తర్వాత మా టీ కొట్టు దాకా వచ్చిందంటే పేపర్ మాటకి ఎంత బలముందో మీకు నేను చెప్పక్కర్లేదు. మా దగ్గర ఎవరైనా "పేపర్లో వచ్చింది" అన్నారంటే ఇంక వాదన ఆగిపోతుంది. కానీ మీ ఆరోగ్యం పేజీలో, మీ ఆదివారం పుస్తకంలో దాదాపు ప్రతి వారం "ఓ అధ్యయనంలో తేలింది", "నిపుణులు చెబుతున్నారు", "ఇటీవలి పరిశోధనల ప్రకారం" అని వస్తుంది. ఏ అధ్యయనం? ఎవరు చేశారు? ఏ ఊళ్ళో, ఏ ఏడాది, ఎంత మంది మీద? మనుషుల మీదా, ఎలకల మీదా? ఒక్క లైను చాలు సార్, ఫలానా యూనివర్సిటీ వాళ్ళు ఫలానా ఏడాది ఇంత మందిని చూసి చెప్పారు అని. ఆ లైను ఉంటే మాలో ఒకడు పోయి చూసుకుంటాడు, మా ఊరి కుర్రాళ్ళు ఫోన్లో నిమిషంలో వెతుకుతారు. పాత సంగతులయితే మాకు పక్కనే వేటపాలెంలో సారస్వత నికేతనం ఉంది, 1918 నాటి లైబ్రరీ, ఎక్కడా దొరకని పాత పత్రికలు అక్కడ దొరుకుతాయి, రిటైరైన వాళ్ళం మాకు టైముంది, మేమే పోయి చూస్తాం. మాకు కావల్సింది ఎక్కడ చూడాలో చెప్పే ఆ ఒక్క లైను. ఆ వివరం మీ దగ్గర కూడా లేకపోతే, కనీసం "తేలింది" అని కాకుండా "తేలిందట" అని వేయండి.

మా కండక్టర్ గారు ఇప్పుడు కర్ర పట్టుకుని నెమ్మదిగా నడిచొస్తారు, అందరికన్నా ముందొచ్చి మీ పేపర్ ఆయనే మొదట తెరుస్తారు, ఆరోగ్యం పేజీ పైకి చదివి వినిపిస్తారు. చదువుతూ ఆ అధ్యయనం దగ్గరికొచ్చేసరికి ఆగి నా వైపు చూస్తారు, "ఎవరో రాయలేదు మాస్టారూ" అని.

ఇట్లు,
మీ పాఠకుడు, రిటైర్డ్ సోషల్ టీచర్,
చీరాల